బొగ్గు ఊళ్లో పుట్టాం, పదో తరగతి తర్వాత ఏం చదవాలి?

మీరు అడిగింది ఇదీ: మాది గోదావరిఖని, నాన్న సింగరేణిలో చేస్తారు, తమ్ముడు పది పాసయ్యాడు. డిపెండెంట్ ఉద్యోగం (తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే, అంటే జబ్బుతో పనికి పనికిరాడని తేలితే, కొడుక్కి ఇచ్చేది) ఎలాగూ వస్తుందని ఇంట్లో అంటున్నారు. గనుల్లో పని తగ్గుతోందని ఒకరు, మనుషులు దొరకడం లేదని ఇంకొకరు అంటున్నారు. ఏది నిజం?

రెండూ నిజమే. మా నాన్న కోల్ ఫిల్లర్‌గా చేసిన రోజుల్లో సింగరేణిలో లక్షమందికి పైగా ఉండేవారు. ఇప్పుడు అందులో సగం కూడా లేరు. తట్ట, చెమ్మస్ (పెద్ద పార) పట్టి బొగ్గు ఎత్తే పని పోయింది. ఓపెన్‌కాస్టుల్లో, అంటే పైనుంచి తవ్వే గనుల్లో, షావెళ్లు (తవ్వి ఎత్తే పెద్ద యంత్రాలు), డంపర్లు వచ్చాయి. వాటిని నడిపేవాళ్లు దొరుకుతారు, బాగుచేసేవాళ్లే దొరకరు.

నేను ఐటీఐ ఫిట్టర్ చేసి, నాన్న మెడికల్ అన్‌ఫిట్ అవుతాడని రెండేళ్లు ఊరికే కూర్చున్నాను. కొడుకు ఉద్యోగం కోసం తండ్రికి జబ్బు రావాలని ఎదురుచూడటమేంటని అమ్మ తిట్టేది. చివరికి మట్టి తీసే ఒక కాంట్రాక్టర్ దగ్గర హెల్పర్‌గా చేరాను. ఒక రాత్రి షావెల్ హైడ్రాలిక్ పంపు ఆగిపోయింది. హైదరాబాద్ నుంచి మెకానిక్ వచ్చేసరికి మర్నాడు సాయంత్రమైంది, అప్పటిదాకా డంపర్లన్నీ వరసగా నిలబడే ఉన్నాయి. ఆయన వెనకాలే తిరిగి హైడ్రాలిక్ డ్రాయింగ్ చదవడం నేర్చుకున్నాను. ఐటీఐలో అది ఎవరూ చెప్పలేదు. ఈరోజు నేను తినే అన్నం దానిదే.

తమ్ముడికి చదువు వస్తే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాయించి మైనింగ్ డిప్లొమాలో చేర్చండి. బెల్లంపల్లి పాలిటెక్నిక్ దగ్గరే, కొత్తగూడెంలోనూ ఉంది. డిప్లొమా అయ్యాక గనిలో ఏడాది ప్రాక్టికల్ ట్రైనింగ్, గ్యాస్ టెస్టింగ్, ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్లు, ఆపైన డీజీఎంఎస్ (గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఇచ్చే ఓవర్‌మన్, అంటే గనిలో పని చూసే సూపర్‌వైజర్, సర్టిఫికెట్. అది చేతిలో ఉంటే సింగరేణే కానక్కర్లేదు, దేశంలో ఏ బొగ్గు గనిలోనైనా అడగొచ్చు. చట్టప్రకారం ఆ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు లేకుండా గని నడపకూడదు. చాలామంది డిప్లొమా దగ్గరే ఆగిపోయి ఉద్యోగాల్లేవంటారు. చేతి పని మీద ఇష్టముంటే ఐటీఐలో డీజిల్ మెకానిక్ లేదా ఎలక్ట్రీషియన్ చేయించండి, తర్వాత హైడ్రాలిక్స్ నేర్పే మేస్త్రీ దగ్గర పెట్టండి.

డిపెండెంట్ ఉద్యోగం వద్దనను. వస్తే తీసుకోవాలి. కానీ అందులోనూ బదిలీ వర్కర్‌గానే (రానివాళ్ల బదులు పనిచేసేవాడిగా) మొదలు, చదువుంటేనే పైకి పోతాడు.

ఇంకోటి, నేను మోసపోయింది. ఆ కాంట్రాక్టర్ పని అయిపోగానే సామాన్లు సర్దుకుని వెళ్లిపోయాడు. పీఎఫ్ కట్టలేదు, అనుభవం పత్రమూ ఇవ్వలేదు. రెండేళ్ల పని నోటిమాటే అయింది, వేరే చోట మళ్లీ హెల్పర్‌గా మొదలుపెట్టాను. ఎక్కడ చేరినా మొదటి నెలలోనే యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబరు అడగమనండి, జీతం బ్యాంకులోనే పడాలి.

మైనింగ్ వైపు పంపేటట్టయితే ఫీజు కట్టేముందు తమ్ముడి కళ్లు ఒకసారి చూపించండి. డీజీఎంఎస్ వాళ్లు చూపు పరీక్ష పత్రం అడుగుతారు. మైనింగ్ డిప్లొమా చేసిన నా స్నేహితుడు ఒకడికి ఆ సంగతి మూడేళ్ల చదువయ్యాక తెలిసింది.