కోడ్ పి0340 వచ్చిందని సెన్సర్ కొనేయకండి

2010 నాటి పెట్రోలు కారు ట్రాఫిక్‌లో వేడెక్కాక ఆగిపోతోంది, ఇరవై నిమిషాలు చల్లారితే మళ్లీ స్టార్ట్ అవుతోంది, స్కానర్‌లో (బండి కంప్యూటర్ రాసుకున్న లోపాల కోడ్‌లు చూపే పరికరం) పి0340 కనిపించింది, మెకానిక్ క్యామ్‌షాఫ్ట్ సెన్సర్ (వాల్వులు తెరిచే కడ్డీ ఏ స్థితిలో ఉందో కంప్యూటర్‌కు చెప్పేది) మార్చమంటున్నాడు, మార్చించాలా అని మీ ప్రశ్న. ఇప్పుడే వద్దు. ఇదే దారిలో నడిచి డబ్బు పోగొట్టుకున్నవాడిని కాబట్టి చెబుతున్నాను.

నాది 2009 మోడల్. పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఐదారు సెకన్లు తిరిగితే గానీ అందుకునేది కాదు. ఇంజన్ లైటు వెలిగింది. పాత బండి కదా అని ఊరుకున్నాను. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం బెంగళూరులో ఎలక్ట్రానిక్ సిటీ నుంచి వస్తుంటే సిల్క్ బోర్డు దగ్గర ఆగిపోయింది. ఆ కూడలిలో కదిలే బండికే చోటుండదు, ఆగిన బండికి ఎక్కడుంటుంది? ఇద్దరు ఆటోవాళ్లు పుణ్యానికి పక్కకు నెట్టారు.

మొదటి గ్యారేజీలో పెట్రోలు పంపు మార్చారు. వారానికే మళ్లీ ఆగింది. అప్పుడు చవక స్కానర్ ఒకటి కొని ఫోనుకు కలిపి చూస్తే పి0340. ఇంకేముంది, దొరికిపోయింది అనుకుని జేసీ రోడ్డుకు వెళ్లి కొత్త సెన్సర్ తెచ్చి నేనే బిగించాను. మూడు వారాలు బాగానే నడిచి, మళ్లీ అదే లైటు, అదే కోడ్.

చివరకు బొమ్మనహళ్లిలో చిన్న షెడ్డు నడిపే అనంతపురం ఆయన దగ్గరకు వెళ్లాను. ‘డూప్లికేట్ సెన్సర్ అంటగట్టారు అన్నా’ అని మొదలుపెడితే, ‘సెన్సర్ పోయిందని నీకెవరు చెప్పారు బాబూ?’ అన్నారు. కోడ్ చెప్పిందన్నాను. ఆయన నవ్వారు. పి0340 అంటే క్యామ్‌షాఫ్ట్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపం అని మాత్రమే అర్థం. సర్క్యూట్ అంటే సెన్సర్, కనెక్టర్, అక్కడి నుంచి కంప్యూటర్ దాకా పోయే వైర్లు, అన్నీ.

ఆయన చేసిన పరీక్ష మీరూ చేయవచ్చు. నా బండిలోది మూడు వైర్ల హాల్ సెన్సర్ (అయస్కాంతంతో ఇనుమును పసిగట్టే రకం): ఒకటి కరెంటు, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. ముందు కనెక్టర్ ఊడదీసి, తాళం ఆన్‌లో పెట్టి, కరెంటు, ఎర్త్ సరిగా వస్తున్నాయా అని మల్టీమీటర్‌తో చూశారు. కరెంటు వైరులో బండిని బట్టి 5 వోల్టులో, 12 వోల్టులో ఉండాలి. తరువాత కనెక్టర్ తిరిగి పెట్టి, సెన్సర్‌ను మాత్రం దాని గూటి నుంచి బయటికి తీసి, మీటరును సిగ్నల్ వైరుకు తగిలించి, సెన్సర్ మూతి ముందు స్క్రూడ్రైవర్‌ను అటూ ఇటూ ఆడించారు. ఇనుము దగ్గరికి వచ్చినప్పుడల్లా వోల్టేజీ పడిపోతూ లేస్తూ ఉంది. జాగ్రత్తకు పెట్రోలు పంపు ఫ్యూజు ముందే తీసేశారు. ఆ తరువాత ఇంట్లో జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ తెప్పించి సెన్సర్‌ను బాగా వేడిచేశారు. వేడికి చచ్చే సెన్సర్ అయితే ఇక్కడే దొరికిపోతుంది. నాది దొరకలేదు. డ్యాష్‌బోర్డు అరలో పడేసిన పాత సెన్సర్‌ను కూడా అలాగే చూశారు. అదీ బంగారంలా ఉంది! (మీ సెన్సర్‌కు రెండే వైర్లుంటే అది సాధారణంగా కాయిల్ రకం, దానికి కరెంటు బయటి నుంచి రాదు, ఓమ్స్‌లో కొలవాలి. మూడు వైర్ల హాల్ సెన్సర్‌ను ఓమ్స్‌లో కొలిస్తే ఏమీ తేలదు.)

అప్పుడు వైర్లను ఒక్కొక్కటే వేళ్లతో మెల్లగా వంచుతూ మీటరు చూశారు. కనెక్టర్‌కు రెండంగుళాల దూరంలో సిగ్నల్ మాయమైంది. టాపెట్ కవరు (ఇంజన్ పైమూత) ప్యాకింగు నుంచి ఆయిల్ కారి కారి వైరు తొడుగు మెత్తబడింది, లోపల రాగి తీగలు తెగి ఒకటి రెండు పోగులే మిగిలాయి. ఇంజన్ వేడెక్కితే అవి విడిపోతాయి, చల్లారితే కలుసుకుంటాయి. కొత్త సెన్సర్ బిగించినప్పుడు నేను వైరును కదిపాను కాబట్టి మూడు వారాలు కలిసే ఉంది. అంతకు మించి ఆ సెన్సర్ గొప్పతనమేమీ లేదు. వైరు ముక్క, టాంకా, కొత్త ప్యాకింగు, కూలీ అన్నీ కలిపినా పంపు ఖరీదులో నాలుగో వంతు కాలేదు.

మీ విషయంలో ఇంకో అనుమానం ఉంది. నా బండి ఆగిపోయింది గానీ, క్యామ్ సిగ్నల్ పోయినా చాలా బండ్లు క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్ (పిస్టన్లు తిప్పే కడ్డీ స్థితి చెప్పేది) ఆధారంగా నడుస్తూనే ఉంటాయి, స్టార్ట్ కావడానికి మాత్రం ఎక్కువసేపు తీసుకుంటాయి. ఉన్నట్టుండి ఆగిపోతోందంటే క్రాంక్ సెన్సర్ కూడా చూడాలి. ఈసారి ఆగినప్పుడు సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం ముల్లును గమనించండి. ముల్లు అసలు కదలకపోతే నా అనుమానం క్రాంక్ సెన్సర్ మీదికే పోతుంది. స్కానర్‌లో పి0016 (క్యామ్, క్రాంక్ లెక్క ఒకదానితో ఒకటి కుదరడం లేదనే కోడ్) కూడా పడితే సెన్సర్ల జోలికి పోకుండా ముందు ఆ రెండు కడ్డీలనూ కలిపే టైమింగ్ బెల్టు పన్ను జారిందేమో చూపించండి. అప్పుడు బండిని తోలవద్దు, బెల్టు ఇంకా జారితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి.

ముల్లు ఏం చేసిందో, సెన్సర్‌కు ఎన్ని వైర్లున్నాయో, కనెక్టర్ లోపల ఆయిల్ తడి ఉందో లేదో చూసి రాయండి.