ఓపెన్ ట్యూనింగ్‌కి మారితే తీగలు తెగుతాయా, నేర్చుకున్న కార్డులు పోతాయా?

రెండేళ్ళుగా గిటార్ మామూలు ట్యూనింగ్‌లోనే వాయిస్తున్నారు, ఓపెన్ ట్యూనింగ్ (ఏ తీగా నొక్కకుండా మీటితేనే ఒక కార్డు పలికేలా తీగలు కలుపుకోవడం) చూడాలనుంది, తీగలు తెగుతాయేమో, కార్డులన్నీ మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలేమో అని భయం. అంతే కదా? తీగలు దించితే తెగవు, ఎక్కిస్తే తెగుతాయి. కార్డుల పట్లు మాత్రం నిజంగానే పనిచేయవు. కానీ మీరు ఏ పాటల కోసం మారుతున్నారన్న దాన్ని బట్టి అది నష్టమో కాదో తేలుతుంది.

మాది కాజీపేట. ఫాతిమానగర్ చర్చి కోయర్‌లో వాయించే ఒక అన్న దగ్గర గిటార్ నేర్చుకున్న. ఇంట్లో మా బాపు హనుమాన్ గుడి భజన మండలిలో తంబుర పట్టేటాయన. నేను భజనకు కార్డులు వేస్తుంటే ఆయన మొహం ముడుచుకునేది. "పాట ఒక్కకాడ్నే ఉన్నది గదరా, నువ్వెందుకు ఊరంత తిరుగుతున్నవ్?" అనేది. అప్పుడు కోపమొచ్చింది గానీ, ఆయన అన్నది సంగీతపరంగా కరెక్టే. ఆ పాటలకు కింద షడ్జం, అంటే స, కదలకుండా మోగాలి. నేను ప్రతి రెండు మాత్రలకు దాన్ని లాగి పారేస్తున్న.

మొదట చేసిన తప్పు పని చెప్తా. స్లైడ్ (తీగల మీద గొట్టం జార్చి) వాయించేవాళ్ళ వీడియోలు చూసి నేరుగా ఓపెన్ ఇ పెట్టబోయిన. అందులో మూడు తీగలను పైకి ఎక్కించాలి. తీగను రెండు ఫ్రెట్లంత (ఫ్రెట్లంటే మెడ మీది మెట్లు) ఎక్కిస్తే దాని మీద బిగువు దాదాపు 26 శాతం పెరుగుతుంది. ఆరు నెలలుగా మార్చని తీగలు, అందులో మన ఎండాకాలం చెమట చేతులు. నాలుగో తీగ ఫట్‌మని తెగి ముంజేతి మీద గీత పెట్టింది. ఓపెన్ ఇ కావాలంటే ఓపెన్ డి పెట్టి రెండో ఫ్రెట్ మీద కేపో (అన్ని తీగలనూ ఒకేసారి నొక్కిపెట్టే క్లిప్పు) వేస్తే సరిపోతుందని తర్వాత తెలిసింది.

ఓపెన్ డి అంటే లావు తీగ, అంటే ఆరోదాని నుంచి డి, ఎ, డి, ఎఫ్ షార్ప్, ఎ, డి. ఐదు, నాలుగు తీగలను ముట్టుకోవద్దు. ఆరో తీగను నాలుగో తీగతో కలిసేదాకా దించండి, ఒక స్థాయి కింద అదే స్వరం పలకాలి. మొదటి తీగ నాలుగోదానికి పై స్థాయి. రెండో తీగ ఐదోదానికి పై స్థాయి. మూడో తీగకు మాత్రం నాలుగో తీగ మీద నాలుగో ఫ్రెట్ నొక్కి ఆ స్వరానికి కలపండి. ఇదంతా అయ్యాక మళ్ళీ ఒకసారి అన్నీ చూడండి. మొత్తం బిగువు తగ్గి మెడ కొంచెం వెనక్కి పోతుంది, ముట్టుకోని తీగలు కూడా పక్కకు జరుగుతాయి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ గిటార్ మోడ్‌లో ఉంటే ఇవన్నీ తప్పని ఎర్రగా చూపిస్తుంది, అన్ని స్వరాలనూ చూపించే క్రోమాటిక్ మోడ్‌లో పెట్టుకోండి.

ఇప్పుడు ఏ తీగా నొక్కకుండా చెయ్యి అట్లా కిందికి జారవిడవండి. స, ప, స, గ, ప, స. ఒక్క గాంధారం తీసేస్తే మిగిలింది తంబురే! నేనిట్ల మీటుతుంటే బాపు వంటింట్లోంచి వచ్చి నిలబడ్డడు. కాసేపు విని, "గా మూడో తీగ జెర ఎక్కువున్నది బిడ్డా, ఇంత దించు" అన్నడు. యాప్‌లో సూది సరిగ్గా మధ్యలో ఉంది. ఆయన మాట కాదనలేక వెంట్రుకవాసి దించితే గది మొత్తం ఒక్కసారి తేటబడ్డట్టయింది. యాప్ లెక్కలో గాంధారం షడ్జానికి సరిగ్గా 400 సెంట్లు ఎత్తులో ఉంటుంది (ఒక ఫ్రెట్ అంటే వంద సెంట్లు). తంబుర మీద మంద్ర షడ్జంలోంచి దానంతటదే వినిపించే స్వయంభూ గాంధారం 386 దగ్గర. 14 సెంట్ల తేడా. కార్డులు మారుస్తూ పోతే చెవి దాన్ని పట్టించుకోదు, ఒకే శృతి మోగుతూ ఉంటే పంటికింద రాయిలా తగులుతుంది. ఒక్క చిక్కు: అట్లా దించినంక ఆ తీగ మీద రాగం వాయిస్తే మిగతా స్వరాలూ అంతే తగ్గి పలుకుతాయి. వాయించేది పక్క తీగల మీద పెట్టుకోండి.

కాబట్టి ఏ ట్యూనింగ్ అన్నది పాటలోని గాంధారాన్ని అడిగి తేల్చుకోండి. మోహన, హంసధ్వని లాంటి రాగాలైతే ఓపెన్ డి హాయిగా ఒదుగుతుంది. మధ్యమావతిలో గాంధారమే లేదు, అక్కడ ఆ ఎఫ్ షార్ప్ అడ్డం. దాన్ని తిరిగి జి కి, అంటే మధ్యమానికి ఎక్కించండి. డి, ఎ, డి, జి, ఎ, డి. దీన్ని 1960ల మొదట్లో బ్రిటన్‌లో డేవీ గ్రాహం అనే గిటారిస్టు ప్రచారంలోకి తెచ్చాడు. ఖచ్చితంగా చెప్పాలంటే ఇది ఓపెన్ ట్యూనింగ్ కాదు, ఎందుకంటే కార్డు మేజరా మైనరా అని తేల్చే గాంధారం వదిలేసిన తీగల్లో లేదు. మనకు అదే కావాలి. హిందోళం మాత్రం ఈ రెండింట్లోనూ ప్రయత్నించకండి. అందులో పంచమం లేదు, ఇక్కడేమో రెండు తీగలు ప అని అరుస్తూనే ఉంటాయి. నేను వారం కొట్లాడి వదిలేసిన.

శృతి సంగతి. డి అంటే హార్మోనియం మీద రెండు. బాపుకు సరిపోతుంది, మా అమ్మ గొంతుకు కాదు. ఆమె బతుకమ్మ పాటలు ఎత్తుకునేది ఐదు శృతికి. అందుకు ఓపెన్ జి: డి, జి, డి, జి, బి, డి. ఆరు, ఐదు, ఒకటి తీగలు రెండేసి ఫ్రెట్లు దించితే అయిపోయింది. ఆమె పాటలు నాలుగైదు స్వరాల్లోనే తిరుగుతాయి, "ఉయ్యాలో" దగ్గర ఆగినప్పుడల్లా వదిలేసిన తీగలు మీటితే చాలు. ఆరో తీగ ఇక్కడ షడ్జం కాదు, కింది పంచమం, దాన్ని పెద్దగా మోగించకండి. రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ అయితే ఆ తీగను తీసేసి ఐదింటితోనే వాయిస్తాడు.

సినిమా పాటలకు కార్డులు కావాలంటే ఒక వేలు అడ్డంగా పరచండి, ఐదో ఫ్రెట్, ఏడో ఫ్రెట్. వదిలేసిన తీగలతో కలిపి మూడు మేజర్ కార్డులు వచ్చేసినయి. మైనర్లు ఎక్కువున్న పాటలకు మామూలు ట్యూనింగే మేలు, బలవంతం అక్కర్లేదు.

తీగల విషయం: రెండు ఫ్రెట్లు దించితే బిగువు దాదాపు 20 శాతం తగ్గుతుంది. ఆరో తీగ వదులై ఫ్రెట్లకు తగిలి జుయ్‌మంటుంది. తీగల మందం 12 సెట్ ఉంటే ఇంకొంచెం లావు 13 వేసుకోండి, లేదా మెల్లగా మీటండి. రోజూ దించి ఎక్కించడం మాత్రం వద్దు, పాత తీగలు తెగేది మళ్ళీ ఎక్కించేటప్పుడే. ఇంకోటి, మీ గిటార్ ఎవరికైనా ఇచ్చేముందు చెప్పి ఇవ్వండి. మా వాడకట్టు గణపతి మండపంలో ఓపెన్ డి లో ఉన్నదాన్ని ఒక తమ్ముడు తీసుకుని ధీమాగా జి కార్డు కొట్టిండు. మైకు కూడా ఆన్‌లోనే ఉండె.

ఆ తర్వాతే పాత గిటార్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొని ఓపెన్ డి లోనే ఉంచేసిన. శనివారాలు దాన్ని బాపు గుడికి పట్టుకపోతడు.