తాబేలుకు నా విటమిన్ డి సాచెట్ ఎంత వెయ్యాలి?

ప్రశ్న: మా రెడ్ ఇయర్డ్ స్లైడర్ తాబేలుకు ఆరేళ్లు. డిప్ప మెత్తబడితే చూపించాం, కాల్షియం లోపం వల్ల వచ్చిన ఎముకల జబ్బు అన్నారు. ఏడాదిగా కాల్షియం పొడి వేస్తున్నా పెద్దగా మార్పు లేదు. పది రోజులుగా సరిగ్గా తినట్లేదు, అప్పుడప్పుడు కాళ్లు వణుకుతున్నాయి. నీళ్లలోంచి బయటికొచ్చి వెనక కాళ్లతో తవ్వుతూ ఆడుకుంటోంది. నేను వాడే 60,000 యూనిట్ల విటమిన్ డి సాచెట్‌లో చిటికెడు ఇవ్వొచ్చా? మా మూడేళ్ల పాపే దానికి రోజూ చేత్తో తినిపిస్తుంది.

డాక్టర్ సలహా: సాచెట్ సంగతి తర్వాత చూద్దాం. తవ్వుతూ ఆడుకుంటోంది అన్నారే, నాకు టెన్షన్ అక్కడే మొదలైంది. ఈ వయసు తాబేలు తిండి తగ్గించి, వెనక కాళ్లతో తవ్వుతోందంటే, అది ఆడదైతే కడుపులో గుడ్లు ఉండొచ్చు. మగ తోడు లేకపోయినా గుడ్లొస్తాయి. గుడ్లను బయటికి నెట్టే కండరాలకు కాల్షియం కావాలి, గుడ్డు పెంకుకూ కావాలి, మీ తాబేలు దగ్గర లేనిదే అది, అందుకే ఇలాంటివాటిలో గుడ్లు లోపలే ఇరుక్కుపోయే ప్రమాదం ఎక్కువ. కాళ్ల వణుకు కూడా రక్తంలో కాల్షియం పడిపోయిందనడానికి గుర్తు కావచ్చు. చూడకుండా ఫలానా అని చెప్పలేను కానీ ఒక్క ఎక్స్‌రేతో గుడ్ల సంగతి, ఎముకల సంగతి రెండూ చాలావరకు తెలుస్తాయి. ఇప్పటికే పది రోజులు ఆగారు, సరీసృపాలను చూసే పశువైద్యుడి దగ్గరికి ఈరోజే తీసుకెళ్లండి.

ఇక సాచెట్. వద్దు, చిటికెడు కూడా వద్దు. విటమిన్ డి ఎక్కువైతే ఒంట్లోంచి తొందరగా పోదు, కాల్షియం వెళ్లి కిడ్నీల్లో, రక్తనాళాల్లో పేరుకుంటుంది, ఎముకలు బాగుచేయబోయి కిడ్నీలు పోగొట్టినట్టవుతుంది. ఇంట్లో మిగిలిన మందులు పెంపుడు జంతువులకు వేసే అలవాటు ఎన్నిసార్లు చెప్పినా మనవాళ్లకు పోదు. కుక్కలకు, పశువులకు వాడే ఐవర్‌మెక్టిన్ అనే నులిపురుగుల మందు తాబేలుకు వేస్తే చచ్చిపోవచ్చు, ఈ ముక్క ఎంతమందికి తెలుసు? డోసు సంగతి దాన్ని తూకం వేసి, పరీక్ష చేసిన డాక్టరే చెప్పాలి.

ఇంత రాసి, లైటు గురించి ఒక్క మాట రాయలేదు మీరు. ఎండలో ఉండే యూవీబీ కిరణాలు (ఒక రకం అతినీలలోహిత కిరణాలు) తగలకపోతే దాని ఒంట్లో విటమిన్ డి సరిగ్గా తయారవదు, అప్పుడు తిన్న కాల్షియమూ ఒంటికి పట్టదు. యూవీబీ ఇచ్చే బల్బు పెట్టినా, అది వెలుగుతూనే ఉంటుంది, యూవీబీ మాత్రం ఆరు నెలల నుంచి ఏడాదిలోపు బాగా తగ్గిపోతుంది. కిటికీ పక్కన పెట్టాం అంటారేమో, అద్దం యూవీబీని ఆపేస్తుంది. ఎండ కాచుకునే చోటు పొడిగా, 30 నుంచి 32 డిగ్రీల వేడితో ఉండాలి. ఇవి సరిగ్గా లేకుండా ఏడాది కాదు, మూడేళ్లు పొడి చల్లినా ఇంతే.

పాప చేత తినిపించడం మానిపించండి. తాబేలు పైకి ఆరోగ్యంగా కనిపించినా దాని మీద సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు, ఐదేళ్లలోపు పిల్లలకు అది సోకితే జబ్బు తీవ్రంగా రావచ్చు. తొట్టి వంటగది సింకులో కడగొద్దు. పాపకు విరేచనాలు, జ్వరం వస్తే పిల్లల డాక్టర్‌కు ఇంట్లో తాబేలుందని తప్పకుండా చెప్పండి.

తీసుకెళ్లేటప్పుడు నీళ్లలో కాకుండా, తువ్వాలు పరిచిన గాలి ఆడే పెట్టెలో వెచ్చగా పెట్టండి, ఎముకలు బలహీనంగా ఉన్నాయి కాబట్టి కాళ్లు పట్టుకుని లాగొద్దు, అరచెయ్యి కింద పెట్టి ఎత్తండి. ఇప్పటిదాకా వేసిన పొడి డబ్బా, బల్బు ఫొటో వెంట తీసుకెళ్లండి. సాచెట్ ఇప్పటికే కొంచెం వేసి ఉంటే అదీ దాచకుండా చెప్పండి.