మంచినీళ్ళు అనే మాట

పెళ్ళైన ఏడాదిన్నరకు మీ భార్య తన చిన్ననాటి లైంగిక వేధింపుల సంగతి మీకు చెప్పారనీ, ఆ తరువాత మీరు దగ్గరకు వస్తే ఆమె మునుపటికంటే ఎక్కువగా బిగుసుకుపోతున్నారనీ, ఇది ఎప్పటికి కుదుటపడుతుందో తెలియడం లేదనీ రాశారు. నేను మీ భార్య స్థానంలో ఉన్న మనిషిని. మాది అనంతపురం జిల్లా, పెళ్ళైన నాటి నుంచి బెంగళూరులో మారతహళ్ళిలో ఉంటున్నాము.

తప్పించుకునే దారి లేని ప్రమాదంలో శరీరం ఒక్కోసారి ఎదిరించదు, పారిపోదు, కొయ్యబారిపోతుంది. చిన్నప్పుడు అలా గడిపిన శరీరానికి ఏళ్ళ తరువాత ఒక వాసనో, చీకటో, వెనుక నుంచి భుజం మీద పడిన చెయ్యో చాలు, ఎదురుగా ఉన్నది ఎవరో మనసుకు అందేలోపే అది పాత స్థితికి వెళ్ళిపోతుంది. నా విషయంలో అది వక్కపొడి వాసన. మా వారికి భోజనం తరువాత వక్కపొడి వేసుకునే అలవాటుండేది, ఆ వాసనకూ నేను బిగుసుకుపోవడానికీ ముడి ఉందని చాలాకాలం నాకే తెలియలేదు. ఇక మీకు చెప్పిన తరువాతే ఎక్కువైందంటారా, అంతవరకు పళ్ళ బిగువున ఓర్చుకున్నదాన్ని ఇకపై ఓర్చుకోనవసరం లేదని ఆమె శరీరానికి అనిపించి ఉండవచ్చు. నాకు అలాగే జరిగింది.

మొదటి రెండేళ్ళు నేను ఒక్కసారి కూడా వద్దనలేదు. మా వారు బలవంతం చేసే మనిషి కారు. అయితే నేను కాస్త వెనక్కి తగ్గినప్పుడల్లా ఒక నిట్టూర్పు విడిచి అటు తిరిగి పడుకునేవారు, మర్నాడు కాఫీ దగ్గర మాటలు తగ్గేవి. ఆ నిట్టూర్పుకు జంకి, ఫ్యాను రెక్కలు చూస్తూ, అంకెలు లెక్కపెట్టుకుంటూ ఉండిపోయేదాన్ని. ఒప్పుకున్నట్టు కనిపించిన ఆ రాత్రులే మాకు ఎక్కువ చేటు చేశాయని ఇప్పుడు నమ్ముతున్నాను, ఎందుకంటే వద్దనే వీలు నాకు లేదన్న పాత పాఠాన్నే అవి నా శరీరానికి మళ్ళీ మళ్ళీ వల్లె వేయించాయి.

మొదట కలిసిన కౌన్సెలర్ పిల్లలు పుడితే అన్నీ సర్దుకుంటాయన్నారు, మళ్ళీ అక్కడికి వెళ్ళలేదు. తరువాత దొరికినవారు తెలుగు తెలిసిన క్లినికల్ సైకాలజిస్టు. భాష సంగతిని చిన్నదిగా చూడకండి. ఇంగ్లీషులో ఎవరో పరాయి పిల్ల కథలా గడగడా చెప్పేసిన నేను, అదే సంగతిని, ఆ మనిషిని పిలిచిన వరుసతో సహా తెలుగులో చెప్పబోయేసరికి గొంతు పెగలలేదు. అసలు చికిత్స ఆ రోజే మొదలైంది.

నాతో విడిగా కొన్ని నెలలు మాట్లాడిన తరువాతే ఆవిడ మా ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి, సెన్సేట్ ఫోకస్ అనే, దశలవారీగా స్పర్శకు అలవాటుపడే పద్ధతి నేర్పారు. అమెరికాలో మాస్టర్స్, జాన్సన్ అనే పరిశోధకులు రూపొందించి 1970లో తమ గ్రంథంలో వివరించిన ఈ పద్ధతిలో, మొదటి దశలో సంభోగం పూర్తిగా నిషేధం. ఆ నిషేధమే నాకు ఊపిరి ఆడనిచ్చింది, ఎందుకంటే ఈ స్పర్శ ఎక్కడికి దారితీస్తుందో అన్న బెంగ ఉండదు. మేము అరచేతులతో మొదలుపెట్టాము. దీపం వెలుగుతూ ఉండేది, తలుపు వైపు నేను కూర్చునేదాన్ని.

ఆపమనడానికి ఒక మాట పెట్టుకోమన్నప్పుడు మేము ‘మంచినీళ్ళు’ అనుకున్నాము. నేను ఆ మాట అంటే ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇస్తారు, ఎందుకని అడగరు. మొదటి నెలలో ఏ ఇబ్బందీ లేనప్పుడు కూడా కావాలనే చాలాసార్లు నీళ్ళు అడిగాను, నిజంగా ఆగుతారో లేదోనని. ప్రతిసారీ ఆగారు, నిట్టూర్చలేదు. అయిదో వారంలో ఒక రాత్రి నీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టి, ఆయన చెయ్యి నేనే అందుకున్నాను. పెళ్ళైన తరువాత నా అంతట నేను చెయ్యి చాచడం అదే మొదటిసారి.

ఆ రోజుల్లో మా వారూ నలిగిపోయారు. ఆ బాధ నా మీద పడకుండా విడిగా మరొకరి దగ్గర మాట్లాడుకునేవారు, మీరూ అలా చేయండి. అప్పట్లో ఏం జరిగిందో వివరాలు తవ్వకండి. పిల్లల సంగతి అడిగే పెద్దలకు జవాబు మీరే చెప్పండి. చిన్నప్పుడు నన్ను వేధించిన ఆ బంధువు వచ్చే పెళ్ళికి మేము వెళ్ళనప్పుడు, సెలవు దొరకనిది తనకేనని మా వారు మా అత్తగారికి చెప్పారు. కలయికలో నొప్పి ఉంటే గైనకాలజిస్టును కూడా కలవాలి, కండరాలు తమంతట తామే బిగుసుకునే వెజినిస్మస్‌కు చికిత్స ఉంది.

మీరూ ఈ ఊళ్ళోనే ఉన్నామన్నారు కనుక, హోసూరు రోడ్డులో మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్ ఉంది, బీటీఎం లేఔట్‌లో వారిదే సెంటర్ ఫర్ వెల్‌బీయింగ్ ఉంది. ముందుగా ఫోనులో మాట్లాడాలనుకుంటే, 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఎంత కాలమని అడిగారు. మా ఇద్దరికీ భయం లేని దగ్గరతనం రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఇప్పటికీ నేను నీళ్ళు అడిగే రాత్రులున్నాయి, ఆయన లేచి వెళ్ళి తెస్తారు.