ట్యాబ్ కోర్సు కొనాలా, ఇంట్లో ఉన్న ఫోన్ చాలా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. కిరాణా కొట్టు నడుపుతున్నాను. ఇంట్లో తెలుగే మాట్లాడతాం కానీ మా అమ్మాయి చదివేది ఒడియా మీడియం, ఇప్పుడు తొమ్మిదో తరగతి. తెలుగు చదవడం, రాయడం రాదు. నర్సింగ్ చేస్తానంటుంది, కాకపోతే బ్యాంకు ఉద్యోగమంటుంది. ఇంగ్లీష్ అంటే మాత్రం భయం. ఒక ఆన్‌లైన్ కోచింగ్ వాళ్లు ట్యాబ్‌తో కలిపి స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సు ఇస్తాం, నెలనెలా వాయిదాలు కట్టుకోవచ్చు అని రోజూ ఫోన్ చేస్తున్నారు. తీసుకోమంటారా?

జవాబు: వద్దండీ. ఇంట్లో ఉన్న ఫోన్ చాలు. ఆ డబ్బు ప్లస్ టూ ఫీజులకు దాచుకోండి.

ముందు మీ అమ్మాయికి ఏపాటి ఇంగ్లీష్ కావాలో చూద్దాం. బీఎస్సీ నర్సింగ్‌లో చేరాలంటే ప్లస్ టూలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీతో పాటు ఇంగ్లీష్ కూడా పాసవ్వాలి. చేరాక పుస్తకాలన్నీ ఇంగ్లీష్‌లోనే. బ్యాంకు క్లర్క్ పరీక్ష ఇప్పుడు ఒడియాలోనూ తెలుగులోనూ రాయవచ్చు కానీ ప్రిలిమ్స్‌లో 30 మార్కుల ఇంగ్లీష్ భాగం తప్పదు. టైమ్ 20 నిమిషాలే. అంటే రెండు దారుల్లోనూ మొదట అక్కరకొచ్చేది గబగబా చదివి అర్థం చేసుకోవడం. గలగలా మాట్లాడటం తర్వాతి సంగతి. మీకు ఫోన్ చేస్తున్నవాళ్లు అమ్ముతున్నది ఆ రెండోది.

ఫోన్ ఉంటే ఇంగ్లీష్ వచ్చేస్తుందనీ అనుకోవద్దు. 2023లో పిల్లల చదువు ఏపాటిదో చూసే ఆసర్ సర్వే 28 జిల్లాల పల్లెల్లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లలను పరీక్షించింది. దాదాపు 90 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. ఇంగ్లీష్ వాక్యాలు చదవగలిగినవాళ్లు 57.3 శాతమే. చదివినవాళ్లలోనూ నాలుగో వంతుకు పైగా పిల్లలు అర్థం చెప్పలేకపోయారు.

మీ అమ్మాయి విషయంలో ఇంకో చిక్కుంది. చెవికి తెలుగు, కంటికి ఒడియా. తెలుగువాళ్ల కోసం చేసిన యాప్‌లలో అర్థాలు తెలుగు లిపిలో ఉంటాయి, అవి తనకి పనికిరావు. వీడియోలైతే వింటే అర్థమవుతాయి, నిజమే. కానీ తెలుగులో ఇంగ్లీష్ నేర్పే చాలా వీడియోల్లో మాస్టారి తెలుగే ఎక్కువ వినబడుతుంది. గ్రామర్‌లో ఒక డౌట్ తీరడానికి ఒకటి చూస్తే చాలు. అదే పనిగా చూస్తే చదువుకున్నామన్న తృప్తి మిగులుతుంది, అంతే. దానికి బదులు బ్రిటిష్ కౌన్సిల్, బీబీసీ ఉచితంగా పెట్టిన పాఠాలు వినమనండి. కింద ఇంగ్లీష్ అక్షరాలు వచ్చేలా పెట్టుకుని, చిన్న ముక్కని రెండు మూడుసార్లు వినాలి. అర్థం తెలియని మాటకి ఒడియా అర్థం చూసుకుని నోట్‌బుక్‌లో రాసుకోవాలి.

తర్వాతది గట్టిగా చదవడం. స్కూల్ ఇంగ్లీష్ పుస్తకంలో ఒక పేరా తీసుకోమనండి. ఫోన్ కీబోర్డులో భాషని ఇంగ్లీష్ (ఇండియా) అని మార్చి, మైకు గుర్తు నొక్కి, పేరా పైకి చదవాలి. విన్నది విన్నట్టు ఫోన్ టైపు చేస్తుంది. ‘షిప్’ అని చదివితే ‘షీప్’ అని పడిందనుకోండి, డిక్షనరీ యాప్‌లో ఆ మాట పక్కనున్న స్పీకర్ బొమ్మ నొక్కి విని, మళ్లీ చదవాలి. నలుగురిలో నోరు విప్పడానికి సిగ్గుపడే పిల్లలకి ఇది బాగా నప్పుతుంది, తప్పు చదివితే నవ్వేవాళ్లు ఉండరు కదా. పక్కన టీవీ మోగుతున్నా, సిగ్నల్ సరిగా లేకపోయినా ఫోన్ కూడా తప్పు వింటుంది. అందుకని పడ్డ ప్రతి తప్పూ తనదేనని టెన్షన్ పడనివ్వకండి. ఒకే మాట మూడుసార్లు తప్పు పడితే అప్పుడు చూసుకోవాలి.

ఇక చాట్‌జీపీటీ లాంటివి. తొమ్మిదో తరగతి పిల్లలు సెలవు చీటీ కూడా దానితోనే రాయించుకుంటున్నారు. వాడొద్దంటే చాటుగా వాడతారు, కాబట్టి వరస మార్చండి. ముందు తను కాగితం మీద రాయాలి, తప్పులతో సహా. తర్వాత దాన్ని టైపు చేసి, ‘తప్పులు ఎక్కడున్నాయో మాత్రమే చూపించు, తిరిగి రాయకు’ అని అడగాలి. దిద్దడం మళ్లీ చేత్తోనే. బోర్డు పరీక్షలో చేతిలో ఉండేది పెన్నే.

ఒకటి మాత్రం ఫోన్ వల్ల కాదు. అడిగిన ప్రశ్నకి ఎదుటి మనిషి మొహం చూసి జవాబు చెప్పే ధైర్యం మనుషుల దగ్గరే వస్తుంది. స్కూల్లో ఇంగ్లీష్ చెప్పే సారునో మేడమ్‌నో వారానికోసారి పది నిమిషాలు తనతో ఇంగ్లీష్‌లోనే మాట్లాడమని మీరే వెళ్లి అడగండి. పాతపట్నం వైపు ఇంగ్లీష్ మీడియంలో చదివే చుట్టాల పిల్లలుంటే వాళ్లతో వీడియో కాల్ పెట్టించండి. ఇంట్లో తెలుగు మానేసి మీరు వచ్చీరాని ఇంగ్లీష్ మాట్లాడనక్కర్లేదు.

ఆ కంపెనీవాళ్లు మళ్లీ చేస్తే ఓటీపీ గానీ, ఆధార్, పాన్ ఫోటోలు గానీ పంపకండి. చాలాచోట్ల వాయిదా అంటే మీ పేరు మీద ఫైనాన్స్ కంపెనీలో లోనే. అమ్మాయి చదవడం మానేసినా కట్టాల్సిందే. ఆటోమేటిక్‌గా డబ్బు కట్ అయ్యే పద్ధతికి ఒప్పుకోవద్దని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులోనే తల్లిదండ్రులను హెచ్చరించింది. ఇప్పటికే ఏదైనా సంతకం పెట్టి ఉంటే వెంటనే రద్దు చేయమని మెయిల్ పెట్టండి. వినకపోతే 1915కి ఫోన్ చేయండి, అది వినియోగదారుల హెల్ప్‌లైన్.