చెవి పరీక్షలో ‘రెఫర్’ అన్నారు.. ఏ నూనె వేయాలి?

ప్రశ్న: మా బాబుకు నాలుగున్నర నెలలు. నెలలు నిండకుండా పుట్టాడు. కామెర్లు, ఇన్ఫెక్షన్ అని తొమ్మిది రోజులు ఎన్‌ఐసీయూలో ఉంచారు. డిశ్చార్జి రోజు చెవి పరీక్ష చేసి, కుడి చెవికి ‘రెఫర్’ అని రాసి నెల తర్వాత రమ్మన్నారు. అది మా పుట్టింటి వైపు ఆసుపత్రి. మూడో నెలలో అత్తగారింటికి వచ్చేశాం, మళ్లీ వెళ్లడం కుదరలేదు. తలుపు గట్టిగా వేస్తే ఉలిక్కిపడుతున్నాడు. వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయట. మా అత్తయ్య చెవిలో నూనె చుక్కలు వేసి, నాలుకకు వస రాయమంటున్నారు. ఏ నూనె మంచిది? - ఓ తల్లి, ఖమ్మం

సలహా: ఏ నూనే వద్దమ్మా, వసా వద్దు. అత్తయ్యగారికి నా మాటగా చెప్పండి. నన్ను కంగారు పెడుతున్నది నూనె కాదు, పోయిన మూడు నెలలు.

‘రెఫర్’ అంటే ఈ పరీక్షలో పాస్ కాలేదు, మళ్లీ చూడాలని. చెవుడు అని కాదు. పుట్టిన కొత్తలో చెవిలో తడి, మడ్డి ఉన్నా అలా రావచ్చు. చాలామందికి రెండోసారి మామూలుగానే వస్తుంది. కానీ మీ బాబు ఎన్‌ఐసీయూ బిడ్డ. నెలలు నిండకపోవడం, కామెర్లు ఎక్కువ కావడం, ఇన్ఫెక్షన్‌కు ఇచ్చే జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు.. ఇవన్నీ వినికిడిని దెబ్బతీయగలవు. బాబుకు ఏమిచ్చారో ఫైలు చూడకుండా నేను చెప్పలేను. ఇలాంటి పిల్లలకు చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి చేసే ఓఏఈ పరీక్ష ఒక్కటీ చాలదు. చెవి బాగుండి నరం దగ్గర లోపమున్నా అందులో పాస్ అయిపోతారు. శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో తలకు ఎలక్ట్రోడ్లు అతికించి చూసే బెరా పరీక్ష చేయించాలి, రెండు చెవులకూ.

తలుపు చప్పుడుకు ఉలిక్కిపడ్డాడని ధీమా వద్దు. ఒక చెవి బాగున్నా ఉలిక్కిపడతారు, అదురు తగిలినా పడతారు. పెద్ద చప్పుడు వినిపించి, మాటలోని ‘స’, ‘ష’ లాంటి సన్నని శబ్దాలు అందని పిల్లలున్నారు. నాన్న సంగతి నాన్నదే. దాన్ని పట్టుకుని రెండేళ్లు ఆగి వచ్చినవాళ్లను ఓపీలో చూస్తూనే ఉంటాను, బాధేస్తుంది.

లెక్క ఇదీ: నెలలోపు మొదటి పరీక్ష, మూడు నెలలకల్లా లోపం ఉందో లేదో తేలాలి, ఉంటే ఆరు నెలలకల్లా చికిత్స మొదలవ్వాలి. మీకు రెండో గడువు దాటింది. తప్పంతా మీదే అనను. మనవైపు కాన్పు పుట్టింట్లో, పరీక్ష అక్కడ, మూడో నెలో ఐదో నెలో వచ్చేసరికి బిడ్డ అత్తవారింట్లో. ఆసుపత్రివాళ్లు ఫోన్ చేస్తే అమ్మమ్మగారింటి నంబరుకు పోతుంది. ఇక్కడి ఆశా కార్యకర్తకు ఈ పరీక్ష సంగతే తెలియదు. టీకాలు మాత్రం తప్పవు, ఎందుకంటే కార్డు మీద తేదీ ఉంటుంది. అదే కార్డు మీద ‘కుడి చెవి రెఫర్, బెరా బాకీ’ అని పెన్నుతో రాయించండి. ఏఎన్ఎంకు చూపించండి. పుట్టింటి నుంచి డిశ్చార్జి సమ్మరీ ఫొటో ఇవాళే వాట్సాప్‌లో తెప్పించుకోండి.

ఈ వారంలోనే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రిలోని డైస్ కేంద్రంలోనూ (పిల్లల లోపాలను ముందుగా గుర్తించి చికిత్స చేసే జిల్లా కేంద్రం) అడగండి, పుట్టుకతో వచ్చే వినికిడి లోపం ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం ఆర్‌బీఎస్‌కే పరిధిలోనిదే. ఈ వయసులో బెరా మామూలు నిద్రలోనే అయిపోతుంది, పెద్దయ్యేకొద్దీ నిద్రమందు అవసరం పడొచ్చు. ఆ రోజు తలకు, నుదుటికి నూనె రాయకండి, ఎలక్ట్రోడ్లు అతుక్కోవు. దారిలో నిద్రపోనివ్వకుండా తీసుకెళ్లి, అక్కడ పాలిచ్చి పడుకోబెట్టండి.

లోపం ఉందని తేలితే సాధారణంగా ముందు హియరింగ్ ఎయిడ్, దాంతోపాటే మాటల శిక్షణ. చెవి పెరుగుతుంది కాబట్టి ఆ పరికరానికి చెవిలో అమరే అచ్చు, అదే ఇయర్ మౌల్డ్, కొన్ని నెలలకోసారి మార్చాలి, అప్పుడు మానేస్తే పెట్టి లాభం లేదు. లోపం తీవ్రమైతే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ సంగతి ఆలోచిస్తాం, ఆరోగ్యశ్రీ నిబంధనలు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి. బెరా మామూలుగా వచ్చినా సరే, తొమ్మిది నెలలు నిండేలోపు మరోసారి చూపించాలి. కొందరిలో లోపం తర్వాత బయటపడుతుంది. ఆ తేదీ కూడా కార్డు మీదే రాయించుకోండి.