ఆ 'అప్రయత్నంగా' ఎవరి కోసం?

టి.నగర్, చెన్నై

చిరంజీవికి,

నీ కథ అందింది. పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో రిటైరైన పెద్దాయన, భార్య పోయాక మొదటిసారి 29సీ బస్సెక్కి కండక్టరుతో "మైలాపూర్ రెండు" అంటాడే, అక్కడ కాగితాలు పక్కన పెట్టి కళ్ళద్దాలు తుడుచుకున్నాను. మళ్ళీ చదివితే ఒళ్ళు మండింది. నువ్వు రాసిన వాక్యం ఇది: "అప్రయత్నంగా 'మైలాపూర్ రెండు' అన్నాడు."

ఆ 'అప్రయత్నంగా' ఎవరి కోసం బాబూ? ఆయన ఎన్నడూ ఒక్కడే గుడికి వెళ్ళలేదని ముందు పేజీలో నువ్వే చెప్పావు. 'రెండు' అనగానే చదివేవాడికి గుండె కలుక్కుమనాలి. అంతకుముందే నువ్వు వచ్చి చెవిలో ఊదేస్తే ఇక ఆయన నోరు తెరవడం దేనికి? ఆ తర్వాత అరపేజీ వివరణ కూడా కొట్టేయి. కిటికీ పక్క సీటు ఖాళీగా వదిలి ఇవతల కూర్చున్నాడు అన్న ముక్క ఒక్కటీ ఉంచు.

ఆలోచించకుండా జరిగే పనిని తెలుగులో క్రియే చెబుతుంది. 'నవ్వాడు' వేరు, 'నవ్వు వచ్చింది' వేరు. రెండోదాంట్లో మనిషి కర్త పీట దిగి పక్కకు జరిగాడు, ఆ పీట మీద నవ్వు కూర్చుంది. కోపం వస్తుంది, నిద్ర పడుతుంది, మనసు చివుక్కుమంటుంది. వీటిలో ఏదీ మనం పూనుకుని చేసేది కాదు. నువ్వేమో "ఆమెకు అప్రయత్నంగా కన్నీళ్ళు వచ్చాయి" అన్నావు. ప్రయత్నిస్తే వచ్చేవి కోడంబాక్కం స్టూడియోల్లో గ్లిజరిన్ కన్నీళ్ళు. 'అన్నాడు' బదులు 'అనేశాడు' అని చూడు, సగం పని అయిపోతుంది. నోరు జారుతుంది, చేయి జారుతుంది, కాళ్ళు అటే లాక్కుపోతాయి. ఇంత సరంజామా ఇంట్లో పెట్టుకుని 'గా' చేర్చిన సంస్కృత పదాల కోసం వెతుకులాట ఎందుకు?

పోనీ, ఆ పదాలైనా దేని చోట దాన్ని వాడావా అంటే అదీ లేదు. 'అనాలోచితంగా' అంటే తప్పు మోపుతున్నట్టు: ఆలోచించాల్సింది, ఆలోచించలేదు. 'యథాలాపంగా' చాలావరకు మాటలకు చెల్లుతుంది, అదీ బరువు లేని మాటలకు. 'యాదృచ్ఛికంగా' మనిషి తీరును చెప్పదు, జరిగిన సంగతిని చెబుతుంది. మాంబళం స్టేషన్లో పాత స్నేహితుడు తారసపడితే వాడుకో. ఇక 'అసంకల్పితంగా'. బడిలో అసంకల్పిత ప్రతీకార చర్య చదివే ఉంటావు. వేడి గిన్నె తగిలినప్పుడు, మెదడుకు నొప్పి తెలిసేలోపే వెన్నుపాము చేతిని వెనక్కి లాగించేస్తుంది. నీ కథలో కోడలు "అసంకల్పితంగా బీరువా తెరిచి, పట్టుచీర వెతికి, మడత విప్పి" చూసుకుంటుంది. ఏ వెన్నుపామూ అంత పని చేయదు.

'నాకు తెలియకుండానే నా చేయి ఆయన భుజం మీద వాలింది' అని ఉత్తమపురుషలో రాసేవాళ్ళ జోలికి ఇప్పుడు పోను. తెలియకపోతే ఎలా చెబుతున్నావయ్యా అని అడిగితే అలుగుతారు.

ఈ జబ్బు మాకు వారపత్రికల సీరియళ్ళ కాలంలో అంటుకుంది. అప్పటికి ఈ ఊరు ఇంకా మద్రాసే. కథానాయిక పైట సర్దుకోవాలన్నా, పెదవి కొరకాలన్నా అప్రయత్నంగానే. ఒక ఎడిటరు (పేరెందుకులే) నా కథలో "ఆమె గాజులు తీసింది" అన్న చోట ఈ మాట తగిలించి అచ్చేశాడు. అడిగితే, "పాఠకులకు తెలియాలి కదండీ" అన్నాడు. వితంతువు తన గాజులు తానే, కావాలనే తీసేసుకున్న కథ అది! ఆ ఒక్క మాటతో నా కథ తలకిందులైంది. పారితోషికం మాత్రం బాగా ఆలోచించే ఎగ్గొట్టాడు. అదే ప్రెస్సులో కంపోజిటరు తమిళుడు, సీసపు అక్షరాలు పోల్చుకుని పేర్చేవాడు, తెలుగు అర్థం కావడం అంతంత మాత్రం. "ఈ మాట ఇన్నిసార్లు వస్తే ఒత్తులు చాలవు సార్" అని గొణిగాడు. ఆ సంచిక మీద నేను విన్న సరైన విమర్శ అదే.

సంపుటి ఎవరు వేస్తారని, ముందుమాట రాస్తానా అని అడిగావు. ముందు ఈ కథ తేలనీ.

అన్నట్టు, ఒక్కచోట కలం పెట్టకు. ఇల్లు అమ్మితే ఎంత వస్తుందని అడిగిన అల్లుడు, పెద్దాయన ముఖం చూసి "యథాలాపంగా అడిగాను మామయ్యా" అంటాడు చూడు. జనం ఈ మాటలను నిజంగా వాడేది ఇందుకే, తప్పించుకోవడానికి. వాడు ఆ ప్రశ్నను విమానం ఎక్కకముందే సిద్ధం చేసుకున్నాడని మనకు తెలుసు. ఆ 'యథాలాపంగా' అక్కడ ఉండి తీరాలి. ఏ ఎడిటరైనా దాన్ని కొట్టేస్తానంటే కథ వెనక్కి తెచ్చుకో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు